రెండో మార్గం

మిగులు భూమి మీద రాసే ప్రతి ఆఫీసు నోటులోనూ మూడు మార్గాలు చూపాలని ఆ పురపాలక సంఘం నియమం. మూడింటిలో పాలకవర్గం దేన్ని ఎంచుకుంటుందో ఏ నియమంలోనూ లేదు గాని, ఆస్తుల విభాగం పెద్ద గుమాస్తాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు. మొదటిదాన్ని సభ్యులు తామున్నామని చాటుకోవడానికి ఖండిస్తారు. మూడోది చదివేసరికి టీ వస్తుంది. రెండోది గట్టెక్కుతుంది. అందుకే ఊరికి ఏది మేలని తోస్తే అతడు దాన్నే రెండో చోట పెట్టేవాడు. పక్క బల్ల దగ్గరి అమ్మాయికి, చిన్న గుమాస్తాకూ అదే నేర్పాడు.

ఈసారి స్థలం పాత పంపుహౌసు వెనక అర ఎకరం. పంపులు ఆగి తొమ్మిదేళ్లయింది. నీళ్లతొట్టి మాత్రం చెక్కుచెదరలేదు. ఒక్క బండి పట్టేంత దారి తప్ప మరో దారి లేదు గనక, వేలం వేస్తే పక్క గోదాము యజమాని ఒక్కడే పాడతాడు, అతడు చెప్పిందే ధర. లీజుకు అడిగింది కూడా ఒక్కరే. గుమాస్తాకు తోడల్లుడు, నర్సరీ నడుపుతాడు. ఇప్పుడున్న అద్దె స్థలాన్ని రెండు నెలల్లో ఖాళీ చేయాలి. పదకొండు వేల మొక్కలు, ఆరుగురు పనివాళ్లు. మరెక్కడా చోటు దొరకలేదు.

దరఖాస్తు మొదటి పేజీకి నర్సరీ ఫోటో అంటించి ఉంది. మొక్కల వరసల మధ్య కుర్చీ వేసుకుని వాళ్లిద్దరి అత్తగారు నవ్వుతోంది. గుమాస్తా ఇంట్లో ఆమె ఎన్నడూ అలా నవ్వలేదు. ఆమె దృష్టిలో పెద్దల్లుడైన గుమాస్తాది ఉద్యోగం. చిన్నల్లుడిది చేతి చలవ. ప్రతి కాగితాన్నీ చివరి ముద్ర దాకా చదివే గుమాస్తా ఆ ఫోటో దగ్గరే ఫైలు మూసేశాడు.

ఇంటికెళ్తే భార్య అదే ఎత్తింది.

"ఏమండీ, మా మరిది స్థలం కాగితం మీ ఆఫీసుకొచ్చిందటగా?"

"వచ్చింది. రూల్ ప్రకారం చూస్తాం."

"చూడండి, చూడండి. డాబా మీద మూడు కుండీలు ఎండబెట్టిన చేతులు మీవి. ఆయనవి పదకొండు వేలూ ఎండబెట్టకుండా ఉంటే చాలు!"

ఆమెది పరిహాసమే. అతనికి మాత్రం ఒళ్లు మండింది. ఓర్వలేనమ్మకు ఒడినిండా నిప్పులన్నారు. ఆ ఒడి తనదేనని తెలిసినా దులుపుకోబుద్ధి కాలేదు.

దరఖాస్తుదారు బంధువైతే ఫైలు మరొకరికి అప్పగించాలి. అప్పగిస్తే చిన్న గుమాస్తా లీజును రెండో చోట పెడుతుంది. పెడుతుందని తెలుసు గనకే అప్పగించలేదు. మర్నాడు తానే రాశాడు: ఒకటి, స్థలాన్ని సంఘమే అట్టిపెట్టుకోవడం. రెండు, వేలంలో అమ్మడం. మూడు, పదిహేనేళ్ల లీజు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అసూయకు అబద్ధాలతో పనేముంది, నిజాల వరస మార్చితే సరిపోతుంది. సంతకం చేసి ఫైలును కమిషనర్ గదికి పంపాడు. పాలకవర్గం సభ మర్నాడే.

మధ్యాహ్నం తోడల్లుడే వచ్చాడు.

"అడగడానికి రాలేదన్నయ్యా, ఊరికే చూసిపోదామని. ఓ మొక్క తెద్దామనుకున్నా. లంచమంటారని వట్టి చేతుల్తో వచ్చా."

"మంచి పని చేశావ్."

"అయినా ఆ ఫైలు మీ దాకా రాదుగా. దరఖాస్తు చివరి పేజీలో రాశాను."

"ఏం రాశావ్?"

"మీరు నాకు తోడల్లుడని, ఫైలు మీకు పంపొద్దని. రేపు ఎవడో నోరు జారి మిమ్మల్నో మాటంటే? అత్తయ్య కూడా అంది, 'పెద్దల్లుడు ఇన్నేళ్లూ మచ్చ పడకుండా నెట్టుకొచ్చాడు, నీ మట్టి ఆయనకి అంటించకు' అని."

గుమాస్తా ఆ పేజీ దాకా చదవనే లేదు. అత్తగారు ఆ మాట అన్నదా? ఎప్పుడు? తన ముందు ఎందుకు అనలేదు?

"టీ తాగి వెళ్లు," అన్నాడు. తోడల్లుడు వెళ్లాక కమిషనర్ గది తలుపు తట్టాడు.

"ఆ అర ఎకరం నోటు వెనక్కి కావాలండీ."

కమిషనర్ తలెత్తింది. "తప్పుందా?"

"నోటులో లేదండీ. రాసినవాడిలో ఉంది."

నిలబడే నోటు అంచున రాశాడు: దరఖాస్తుదారు నా తోడల్లుడు. తెలిసే ఈ నోటు రాశాను. వేరొకరు రాయాలి.

ఆమె రెండుసార్లు చదివింది. "ఇది మీ సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది, తెలుసుగా?"

"తెలుసండీ."

చిన్న గుమాస్తా కొత్త నోటు రాసింది. సభ్యులు మొదటిదాన్ని చీల్చి చెండాడారు. టీ రాకముందే రెండోది, లీజు, గట్టెక్కింది.

మనసు తేలికపడుతుందనుకున్నాడు. పడలేదు. అత్తగారి నవ్వు ఇప్పుడు అంతగా గుచ్చడం లేదు. ఇరవై రెండేళ్ల పేరు పోగొట్టుకుని తాను రాయగలిగిన వాక్యాన్ని తోడల్లుడు ఏ కష్టమూ పడకుండా, తనకంటే ముందే రాసేశాడు. గుచ్చుతున్నది అదే.

సాయంత్రం గది ఖాళీ అయ్యాక ఫైలు తెప్పించుకుని ఆ చివరి పేజీ తీశాడు. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. అది చూసి అతనికి కాసేపు హాయిగా అనిపించింది.