అంచులో దాచిన మడత

మా మామయ్యగారు బడిపిల్లల యూనిఫారాలు కుడతారు. ఇంటి కింద గది షాపు, పైనున్న రెండు గదులు కాపురం. కుట్టు సంగతికొస్తే ఆయనది మామూలు చెయ్యే. కాజాలు నా అంత బాగా కుట్టలేరు, ఆ మాట ఆయన ముందే అంటాను. ఆయనకు పేరు తెచ్చిపెట్టింది వేరే విద్య.

పిల్లవాణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని మణికట్టు పట్టి చూసేవారు. బూట్లు విప్పించి పాదాలు చూసేవారు. వెనక నిలబడ్డ తల్లిదండ్రుల్ని ఒకసారి ఎగాదిగా చూసి, "వీడికి నాలుగు వేళ్ళ మడత" అని తేల్చేసేవారు. అంటే ప్యాంటు కాళ్ళ దగ్గర నాలుగు వేళ్ళ వెడల్పు బట్ట లోపలికి మడిచి కుట్టాలని అర్థం. పిల్లవాడు పెరిగేకొద్దీ ఆ మడత విప్పుకుంటూ పోతే ఏడాదంతా అదే ప్యాంటు సరిపోతుంది. ఆయన నాలుగన్నారంటే సెలవులిచ్చే నాటికి నాలుగూ విప్పాల్సిందే. విప్పి మళ్ళీ కుట్టే పని నాది కాబట్టి నాకు బాగా తెలుసు.

అక్కడితో ఆగేవాళ్ళు కాదు జనం. "తాతగారూ, పెద్దయ్యాక ఎంతవుతాడంటారు?" అని అడిగేవాళ్ళు. ఆయన ఒక అంకె చెప్పేవారు. పదేళ్ళ తర్వాత మీసాలొచ్చిన కుర్రాళ్ళు పనిగట్టుకుని వచ్చి షాపు గుమ్మానికి వీపు ఆనించి నిలబడేవాళ్ళు. మామయ్యగారు మెడలోని టేపు తీసి కొలిచి, "చెప్పానా లేదా?" అనేవారు. ఆ "చెప్పానా లేదా" విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

ఇక ఆ టేపు గురించి చెప్పాలి. ఆయనకు పని నేర్పిన గురువుగారు ఇచ్చిన గుడ్డ టేపు అది. ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ప్రతి శనివారం షాపు సర్దాక, ముడతలు పోవాలని దాన్ని తడిపి, ఒక కొస బల్లకు పిన్నుతో గుచ్చి, రెండో కొస చేత్తో లాగిపట్టి ఇస్త్రీ చేసేవారు. నేను చెప్పబోయే సంగతి జరగడానికి ఏడాది ముందు ఆవిరి ఇస్త్రీపెట్టె కొన్నాం. ఆవిరి పట్టిస్తే టేపు కొత్తదానిలా నిగనిగలాడుతోందని మురిసిపోయేవారు. మనవరాలి బుగ్గ కూడా అంత ముద్దుగా నిమిరి ఉండరు.

మనవరాలంటే నా కూతురు. పుట్టినప్పుడు మరీ చిన్నగా ఉందని అందరూ జానెడు అని పిలవడం మొదలుపెట్టారు, అదే స్థిరపడిపోయింది. ఎనిమిదేళ్ళప్పుడు దాని మణికట్టు పట్టుకుని మామయ్యగారు, "ఈ జానెడు మనందరినీ దాటిపోతుంది చూస్తూ ఉండండి. నూట డెబ్భై సెంటీమీటర్లకి తగ్గదు" అన్నారు. మా ఆయన పొడుగరే. నేను గుమ్మం గొళ్ళెం అందుకోవాలన్నా మునివేళ్ళ మీద లేవాలి. "నా పోలికొస్తేనో?" అన్నాను. "నీ పోలిక నోట్లోనే వచ్చిందిలే" అన్నారాయన.

పన్నెండేళ్ళు వచ్చేసరికి దానికి వాలీబాల్ పిచ్చి పట్టింది. గోడకు బంతి కొట్టీ కొట్టీ పక్కింటివాళ్ళ చేత మాకు నానా మాటలు అనిపించింది. అప్పుడే వాళ్ళ కోచ్ మేడమ్ ఒక ఫారం తెచ్చిచ్చింది. దూరంగా ఉన్న ఒక ఆటల బడిలో పన్నెండేళ్ళ ఆడపిల్లల్ని ఎనిమిదిమందిని తీసుకుంటారట. చదువు, తిండి, శిక్షణ అన్నీ అక్కడే. ఏడాదికి రెండుసార్లు ఇంటికి పంపుతారట. ఫారంలో రెండు గళ్ళున్నాయి. ఒకటి ఇప్పటి ఎత్తు, రెండోది పెద్దయ్యాక వచ్చే ఎత్తు. రెండో గడిలో నూట డెబ్భై లేకపోతే అసలు పిలవనే పిలవరు.

"మిగతా పిల్లల్ని డాక్టరు దగ్గరికి పంపిస్తున్నానండీ. మీకా అవసరమేముంది? తాతగారు రాస్తే తిరుగుంటుందా?" అంది మేడమ్. వాళ్ళబ్బాయి ప్యాంట్లు కూడా ఇక్కడివే.

జానెడు గుమ్మానికి ఆనుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. మామయ్యగారు కొలిచారు. ముఖం అదోలా అయింది. మళ్ళీ కొలిచారు.

"నూట యాభై ఒకటి."

"పోయినేడాది ఎంత తాతా?"

"నూట నలభై తొమ్మిది." గుమ్మం మీద పెన్సిలు రాత చూపించారు. గీత పెట్టే అలవాటు లేదు, పక్కన అంకె రాస్తారంతే.

ఆయన దాని మణికట్టు పట్టుకుని చాలాసేపు చూశారు. పాదాలు చూశారు. "నా కంటికి ఇంకోలా ఉంది. కానీ ఈ వయసులో ఏడాదికి రెండు సెంటీమీటర్లంటే ఎదుగుదల ఆగిపోతోందన్నమాట. నూట యాభై ఎనిమిది. మహా అయితే అరవై."

"తాతా, డెబ్భై రాయొచ్చుగా! ఎవరు చూడొచ్చారు?"

"కొలత కొలతేనే తల్లీ. లేనిది రాస్తే అక్కడికెళ్ళాక నవ్వులపాలయ్యేది నువ్వే."

ఆయన తన చేత్తోనే నూట యాభై ఎనిమిది అని రాశారు. జానెడు బంతిని మంచం కిందికి తన్ని, పైకి పోయి తలుపేసుకుంది. అన్నం తినలేదు. నేను పైకి "పోనీలేవే" అన్నాను. లోపల మాత్రం హమ్మయ్య అనుకున్నాను. దాచుకోవడం దేనికి? మా ఆయన లారీ నడుపుతాడు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఈ పిల్ల కూడా వెళ్ళిపోతే నేను మిషను మోత వింటూ కూర్చోవాలి.

మర్నాడు సాయంత్రం మేడమ్ వచ్చి ఫారం తీసుకెళ్ళాలి, అదే ఆఖరు రోజు. ఆ మధ్యాహ్నం మామయ్యగారు నన్ను బట్టల షాపుకి పంపారు. ఆ షాపాయనతో ఏడాదిగా ఆయనకు తగాదా. ప్రతి తానులోనూ బట్ట తక్కువొస్తోందని, మీటరుకి రెండు వేళ్ళు నొక్కేస్తున్నాడని నిప్పులు కక్కుతున్నారు. "నా టేపు పట్టుకెళ్ళు. వాడి ముందే కొలిచి చూపించు" అని మెడలోంచి తీసి నా చేతిలో పెట్టారు. అంత కోపంలో ఉంటే తప్ప ఆ పని చేయరు.

షాపాయన నన్ను చూడగానే దండం పెట్టాడు. "అమ్మా, నా మీటరు బద్ద ఇనపది. ఇది అరగదు, పెరగదు. మీరే చూసుకోండి" అని బద్ద బల్ల మీద పెట్టి, లోపల ఎవరో పిలిస్తే వెళ్ళాడు.

నేను బద్ద పక్కన టేపు పరిచాను. మొదలు మొదలు కలిపాను. బద్ద అయిపోయిన చోట టేపు మీద తొంభై ఏడు ఉంది. మళ్ళీ పరిచాను. తొంభై ఏడే. టేపు సాగిపోయింది, అందుకే ఏది కొలిచినా అసలుకన్నా తక్కువ చూపిస్తోంది. ఆవిరి పట్టించి, లాగి, ఇస్త్రీ చేసి, ఏడాదిగా ప్రతి శనివారం ఆయనే దాన్ని సాగదీశారు.

ఎవరికీ ఎందుకు తెలియలేదో కూడా అక్కడే అర్థమైంది. పిల్లల్ని కొలిచేది ఆ టేపుతోనే, బట్ట కత్తిరించేది ఆ టేపుతోనే. రెండుచోట్లా ఒకే తప్పు కాబట్టి చొక్కా చక్కగా సరిపోతుంది. తప్పొచ్చేది బయటి అంకెతో పోల్చినప్పుడే. షాపాయన ఇచ్చే బట్ట తక్కువనిపించింది అందుకే. "ఈ మధ్య పిల్లలు నేను చెప్పినంత ఎదగట్లేదు, తిండి మంచిది కాదు" అని ఆయన గొణగడం కూడా అందుకే.

అప్పుడు నాకు జానెడు స్కర్టు గుర్తొచ్చింది. ఆ ఏడాది దాని అంచు మడత రెండుసార్లు విప్పాను నేను. రెండు సెంటీమీటర్లు పెరిగిన పిల్లకు రెండుసార్లు విప్పే పనేముంటుంది? పని తొందరలో విప్పానే కానీ ఆలోచించలేదు. షాపాయన బల్ల మీదే వేలితో లెక్క కట్టాను. నా బిడ్డ నూట యాభై అయిదు దాటింది. ఏడాదిలో ఆరు పెరిగింది. ఎదుగుదల ఆగడం కాదు, పరుగెడుతోంది. ఎనిమిదేళ్ళప్పుడు మామయ్యగారు చెప్పిందే నిజం.

షాపాయన తిరిగొచ్చి, "ఏమంటుందమ్మా టేపు?" అన్నాడు. నేను అప్పటికే చుట్టేశాను. "ఏమీ లేదండీ. మాదే పొరపాటు" అన్నాను.

ఇంటికొచ్చేసరికి మామయ్యగారు, "ఒప్పుకున్నాడా?" అన్నారు. "లేదు" అని టేపు ఆయన మెడలో వేశాను. ఫారం కుట్టుబల్ల మీద కత్తెర కింద ఉంది. అయిదింటికి మేడమ్ వస్తుంది. మూడున్నరయింది. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. నేను కూర్చుని తొమ్మిది చొక్కాలకు కాజాలు కుట్టాను. పన్నెండేళ్ళ పిల్ల, తల దువ్వుకోవడం కూడా సరిగా రాదు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు అని నాకు నేనే వంద చెప్పుకున్నాను. అవన్నీ సాకులు. నాకు నా పిల్ల నా దగ్గర కావాలి, అంతే. మేడమ్ వచ్చింది. ఫారం నా చేత్తోనే ఇచ్చాను.

వారం తిరక్కుండానే మామయ్యగారు కొత్త తాను పట్టుకుని స్వయంగా బట్టల షాపుకి దండయాత్ర వెళ్ళారు. వెళ్ళేటప్పుడు మెడలో ఉన్న టేపు వచ్చేటప్పుడు చేతిలో ఉంది. రెండో చేతిలో షాపాయన ఇనప బద్ద. జానెడుని కేకేసి గుమ్మానికి నిలబెట్టి, బద్దతో కొలిచారు. నూట యాభై ఆరుకి వెంట్రుకవాసి తక్కువ.

చెప్పులు కూడా వేసుకోకుండా మేడమ్ ఇంటికి పరిగెత్తారు. ఆవిడ పాపం ఫోను చేసి బతిమాలింది కూడా. పేర్లు ఖాయమైపోయాయన్నారు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుందన్నారు.

ఆయన తిరిగొచ్చి మిషను ముందు కూలబడ్డారు. "నా కన్ను నిజమే చెప్పింది అమ్మాయ్. కంటిని కాదని గుడ్డముక్కని నమ్మాను. నా చేతులారా నేనే పిల్లని కురచ చేశాను" అన్నారు. ఆ పెద్దమనిషి ఏడవడం నేనప్పుడే చూశాను.

"మీరేం చేస్తారు మామయ్యా, టేపు సాగింది" అన్నాను. సూదిలో దారం ఎక్కించుకుంటూ అన్నాను.

జానెడు ఆయన పక్కన కూర్చుని, "పోనీలే తాతా. నువ్వు కావాలని చేశావా ఏంటి?" అంది.

ఆ తర్వాత ఆయన ఏ పిల్లవాడి ఎత్తూ చెప్పలేదు. మణికట్టు పట్టుకోవడం మానేశారు. ఎవరైనా అడిగితే, "ఎంతో కొంత పెరుగుతాడు బాబూ" అంటారు. అందరికీ ఆరు వేళ్ళ మడత పెడతారు. అంచులు బరువుగా ఉన్నాయని జనం సణుగుతారు. బట్టల షాపాయనకు క్షమాపణ చెప్పి, టేపు ముక్కలుగా కత్తిరించి పారేశారు. "చెప్పానా లేదా" అనే మాట షాపులో మళ్ళీ వినపడలేదు. అది లేక నాకు తోచేది కాదు, నిజం చెప్తున్నాను.

ఏడేళ్ళయింది. జానెడు ఇప్పుడు నూట డెబ్భై మూడు. మందుల షాపులో పనిచేస్తోంది. పై అరలో మందులు స్టూలు లేకుండా అందుకుంటుంది. వాలీబాల్ మానేసి చాలా కాలమైంది. టీవీలో ఆట వస్తే మాత్రం చానల్ మార్చేస్తుంది.

పోయిన ఆదివారం మిషను తుడవడానికి పాత గుడ్డలు కావాలని పెట్టె తెరిచింది. అడుగునుంచి ఒక బడి స్కర్టు తీసి, కిటికీ వెలుగులో పట్టుకుని అంచు చూసింది. దర్జీ మనవరాలు కదా, చదవడం వచ్చు. విప్పిన కుట్ల వెంట వెలిసిన చారలు అలాగే ఉన్నాయి.

"అమ్మా, ఇది ఆ ఏడాది స్కర్టేగా?"

"ఏమో."

"ఏమో ఏంటి, రెండుసార్లు విప్పావు. నేను పెరుగుతున్నానని నీకు తెలియలేదా?"

ఈ ప్రశ్నకి ఏడేళ్ళుగా జవాబు సిద్ధంగా ఉంచుకున్నాను. ఉతికితే బట్ట కుంచించుకుపోయింది, అందుకే విప్పాను అని. చెప్పబోయాను. దాని ముఖం చూడాలంటే నేనిప్పుడు తల పైకెత్తాలి. ఎత్తాక ఆ మాట నోటికి రాలేదు.

"తెలిసింది" అన్నాను. "టేపు సంగతి కూడా తెలిసింది. ఫారం ఇచ్చిన రోజు మధ్యాహ్నమే."

అది పెట్టె మీద కూర్చుంది. అరుస్తుందనుకున్నాను. స్కర్టుని నాలుగు మడతలు పెట్టింది, మళ్ళీ విప్పింది, మళ్ళీ మడిచింది. కింద మిషను చప్పుడు వినపడుతూనే ఉంది.

"నా సంగతి తర్వాత" అంది చివరికి. "తాత ఏడేళ్ళుగా ఒక్క పిల్లాడి చెయ్యి పట్టుకోలేదమ్మా. ఆయనకి నేను చెప్పను. నువ్వే చెప్పు."

స్కర్టు నా చేతిలో పెట్టింది. మెట్లు దిగాను. మామయ్యగారు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని ఎవరిదో ప్యాంటుకు ఆరు వేళ్ళ మడత కుడుతున్నారు.

"మామయ్యా, మిషను ఒక్క నిమిషం ఆపండి" అన్నాను.

ఆయన ఆపారు.