డ్రాయింగు హాలు మధ్య గోడ

మసేను బొంబాయిలో అయిదేళ్లు కట్టడాల నమూనాలు గీసే చదువు చదివి చిలిక సరస్సు ఒడ్డునున్న తన ఊరు రంభకు తిరిగొచ్చేసరికి, గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిసి రెండేళ్లయింది. చదివించింది రంగూన్‌లో కలప మిల్లులో పనిచేసే మేనమామ. ఆయన కూతురు కాసమ్మనే మసేను పెళ్లి చేసుకున్నాడు. తండ్రి పైడన్న చిలికలో పడ్డ చేపల్ని రైల్లో బరంపురం పంపే వ్యాపారి. కొడుకు ఏం నేర్చుకొచ్చాడో ఆయనకి ఎంతకీ అంతుపట్టలేదు.

"ఇల్లు కట్టడం వచ్చేసినట్టేనేట్రా?"

"కట్టేది మేస్త్రీలయ్యా. ఎలాగ కట్టాలో నాను గీసి సెప్తాను."

"ఆలకి తెలీదేటి?"

"ఇల్లయితే తెలుసు. ఆసుపత్రి, బడి, కోర్టు, పదిమంది కూడే సోట గాలీ ఎలుతురూ సూసుకుని గీయాల. అది నేర్పే బడి మన సుట్టుపక్కల ఎక్కడా లేదు. బరంపురంలో ఒకటి పెడితే బాగుణ్ణు."

బరంపురం పెద్దలకూ అదే ఆలోచన వచ్చింది. కొత్త రాష్ట్రానికి ఎప్పటికైనా యూనివర్సిటీ వస్తుంది, అప్పటికి ఇలాంటి బడి తయారుగా ఉంటే అందులో చేర్చుకుంటారని వాళ్ల ఆశ. ప్లీడరు రామచంద్రరావు అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. బనమాలి పట్నాయక్ అనే ఒడియా భూస్వామి బడా బజార్ చివర స్థలం ఇచ్చాడు. నమూనా గీసే పని మసేనుకి అప్పగించారు.

ఆ వేసవంతా అతనికి వేరే ధ్యాస లేదు. ఉత్తరం పక్క పొడుగునా కిటికీలు పెట్టి పెద్ద డ్రాయింగు హాలు గీశాడు. ఉత్తరపు వెలుతురు నిలకడగా ఉంటుంది, గీసేవాడి చెయ్యి నీడ కాగితం మీద పడదు. దక్షిణాన ఎండకు అడ్డంగా వసారా.

ప్లీడరు గారింట్లో మీటింగు. నమూనా అందరికీ నచ్చింది. తర్వాత రామచంద్రరావు కళ్లజోడు తుడుచుకుంటూ, "పాఠాలు తెలుగులోనే కదా," అన్నాడు.

"ఒడియాలో," అన్నాడు పట్నాయక్. "ఇది ఒడియా రాష్ట్రం."

ఒకాయన తెలుగులో, ఇంకొకాయన ఒడియాలో గంటసేపు వాదించుకున్నారు. ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థమవుతూనే ఉంది. ఆఖరికి మసేను అన్నాడు:

"నేను రెండింట్లోనూ చెబుతానండి. రంభ బజారులో పుట్టినకాడి నుంచి అలాగే మాట్లాడుతున్నాం."

"నువ్వు మనవాడివయ్యుండి ఇలా అంటే ఎలాగయ్యా?" అన్నాడు రామచంద్రరావు. పట్నాయక్ మాత్రం, "మంచి కుర్రాడే, లోకం తెలీదు," అన్నాడు ఒడియాలో.

చివరకు ఇద్దరికీ సమ్మతమైంది ఒక్కటే. హాలు మధ్య గోడ కట్టి, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా. మసేను మళ్లీ గీయాలి.

గోడ అడ్డంగా పెట్టి చూశాడు. ముందు సగానికి వీధి గుమ్మం దక్కింది, వెనక సగంవాళ్లు మురుగు సందులోంచి రావాలి. ఎవరూ ఒప్పుకోలేదు. నిలువుగా పెడితే రెండు గుమ్మాలూ వీధిలోకే వచ్చాయి గానీ, కిటికీలన్నీ ఒకే పక్కకు పోయాయి. దక్షిణం సగంలో పట్టపగలు దీపం పెట్టుకోవాలి. అందుకూ ఒప్పుకోలేదు. పోనీ మేడ వేద్దామన్నారు. మేడ మీద ఎవరు, కింద ఎవరు అన్న దగ్గర ఆ ఏడాది గడిచిపోయింది.

"ఇంక గీయనండి," అని ఒకరోజు మసేను కాగితాలు చుట్టేశాడు. "ఇది బడి కాదు, భాగాలు పంచుకున్న కొంప."

రామచంద్రరావు నొచ్చుకున్నాడు. కమిటీ కూడటం మానేసింది.

యుద్ధం ముదిరి బియ్యం కరువు మొదలయ్యాక ఆ స్థలంలో ధాన్యం గోడౌను కట్టాలనుకున్నారు. రామచంద్రరావు కబురు పెట్టి, "ఇదైనా గీసిపెట్టు. దీనికి భాష గొడవ లేదు," అన్నాడు ఊరడింపుగా. మసేను ఒప్పుకోలేదు. కంట్రాక్టరు ఎవరి సాయం లేకుండానే కిటికీల్లేని నాలుగు గోడలు లేపాడు.

బరంపురం పక్కనే అంకులిలో అత్త చిట్టమ్మ పెరట్లో ఆవుల్లేని పశువులసాల ఉంది. మసేను దాని ఉత్తరం గోడ బద్దలుగొట్టించి కిటికీలు పెట్టాడు. అయిదుగురు చేరారు. ఓవర్సీయరు దగ్గర పనిచేసే పోతయ్య, అతని స్నేహితుడు దండపాణి అనే ఒడియా యువకుడు, భర్తపోయిన సీతాలు, ఇంకో ఇద్దరు. ఏ మాట ముందు నోటికొస్తే ఆ మాటలో పాఠం సాగింది. పోతయ్య, దండపాణి ఒకే బల్ల మీద గీసుకునేవారు.

రెండో ఏడు బళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన ఒప్పుకుంటేనే ఆ చదువుకు విలువ. గీసినవన్నీ చూసి మెచ్చుకున్నాడు.

"బోధన ఏ భాషలో?"

"రెండింట్లోనండి."

"అలా కుదరదు. ఏదో ఒకటి చెప్పండి."

మసేను నోరు తెరవకముందే పోతయ్య, "తెలుగేనండి," అన్నాడు.

"అదెప్పటినుంచి?" అని దండపాణి లేచాడు. "మాస్టారు నాకు ఒడియాలో కాదా చెప్పింది?"

"ఒడియా అని రాస్తే నా చదువు చెల్లదు. ఓవర్సీయరు పని నాకు రావాలి. నువ్వూరుకో."

"నాకొద్దా?"

మసేను ఇద్దరి మధ్యా నిలబడి వాళ్ల మొహాలు చూశాడు. ప్లీడరు గారింట్లో విన్న గొంతులే ఇవి. ఏమీ రాయొద్దని ఇన్‌స్పెక్టరుకి చెప్పాడు. ఆయన పాపం కాసేపు ఆగి చూసి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. పోతయ్య ఒక దారిన, దండపాణి ఇంకో దారిన పోయారు.

"ఒకటి సెప్పీసుంటే పోయేది కదా బావా," అంది కాసమ్మ అన్నం వడ్డిస్తూ.

"ఏది సెప్పాలే?"

ఆమె గరిటె పక్కన పెట్టింది. "నానయితే తెలుగు సెప్పీదాన్ని."

"అప్పుడు దండపాణి?"

"పోతయ్యా ఎల్లిపోనాడు కదా ఇప్పుడు. ఇద్దరూ పోనారు."

అది నిజం. మసేను అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని పెరట్లోకి పోయాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

మర్నాడు ముగ్గురే వచ్చారు. మెట్ల పాఠం. ముసలివాళ్లు ఆయాసపడకుండా ఎక్కాలంటే మెట్టు ఎంత ఎత్తుండాలో చెబుతున్నాడు. సుద్దముక్క రెండుసార్లు విరిగింది.

"మాస్టారూ, కొద్దిగా మెల్లగా సెప్పండి," అంది సీతాలు. "నిన్నటి కోపం మా మీద సూపిత్తే మేమేటి సేత్తాం?"

మసేను ఆగాడు. ఖాళీగా ఉన్న బల్లను గోడ వారకు లాగించి, మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.