నాలుగేళ్ళకే పోయిన ముత్తవ్వ

మా లవీనియా అత్తకు ఒకచోట కుదురుగా కూర్చోవడం పుట్టుకతోనే రాలేదు. పెళ్ళి చేసుకోలేదు, ఇల్లు కొనలేదు. వెర్మాంట్‌లోనూ న్యూయార్క్ పల్లెల్లోనూ బడిపంతులమ్మగా ఊళ్ళు మారుతూ, జీవితమంతా అద్దె ఇళ్ళలోనే గడిపింది. ఎనభై దాటాక డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి పెదవి విరిచాడో లేదో, ఆవిడకు హఠాత్తుగా స్థిరాస్తి మీద మోజు పుట్టింది. ఆస్తి అంటే ఆరడుగుల నేల.

"ఒరేయ్ మెరిల్, చివరి ఇల్లయినా అయినవాళ్ళ పక్కన ఉండాలిరా. హార్లో కొండ మీది శ్మశానంలో మా ముత్తవ్వ పుట్టింటివాళ్ళున్నారు. నేల గడ్డకట్టకముందే తేల్చు. చలికాలంలో పోతే గొయ్యి తవ్వలేక, మంచు కరిగేదాకా శవాన్ని రాతికొట్టులో పడేసి ఉంచుతారు. అదీ అద్దెకొంపే!"

ముత్తవ్వ పేరు ఎలెక్టా హబ్బర్డ్. ఆ ఎలెక్టా లెక్క తేల్చడానికి వేసవంతా తిరిగాను. గోరీల మీద నాచు గీకి గీకి గోళ్ళు పోయాయి. పుట్టుపూర్వోత్తరాలంటారు గానీ, పూర్వం దొరికినచోట ఉత్తరం దొరకదు. చివరికి దొరికిందల్లా ఆవిడ పెళ్ళి నమోదు. 1850లో, వెర్మాంట్‌కు సరిహద్దుగా ఉన్న సరస్సు అవతల న్యూయార్క్ వైపు. వధువుకు పంతొమ్మిదేళ్ళు, తండ్రి హార్లో వాస్తవ్యుడు అసాహెల్ హబ్బర్డ్.

అక్టోబరులో ఒక పొద్దున అత్తను ట్రక్కులో ఎక్కించుకుని కొండెక్కాను. అక్కడ శ్మశానం సంఘానికి పెద్ద విల్మా స్టాడర్డ్. గళ్ళ కోటు వేసుకుని, ఫ్లాస్కు చంకన పెట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆ కొండ మీద పడుకున్నవాళ్ళ రక్తసంబంధీకులకే చోటిస్తారు. ఆ నియమానికి కాపలా విల్మా.

"ఇదిగో మీ అసాహెల్. పక్కన ఆయన భార్య. ఇదిగో మీ ఎలెక్టా" అని ఒక రాయి చూపించింది. మోకాలెత్తు రాయి. అసాహెల్ కూతురు ఎలెక్టా, 1829లో, నాలుగేళ్ళ వయసులో పోయిందని దాని మీద ఉంది.



"నాలుగేళ్ళకే పోయిన పిల్ల మీకు ముత్తవ్వ ఎలా అయిందమ్మా?" అంది విల్మా. "మా కొండగాలి ఆరోగ్యానికి మంచిదే గానీ, పోయినవాళ్ళు లేచెళ్ళి పెళ్ళి చేసుకునేంత మంచిది కాదు."

"రాయి చెక్కినవాడు తప్పు చెక్కి ఉంటాడు" అన్నాను.

"రాతి మీది రాత మారదు మెరిల్ గారూ. మీ ఎలెక్టా వేరే ఎవరో."

నేను రాళ్ళ మధ్య పచార్లు చేస్తూ, తెచ్చిన డోనట్లన్నీ నమిలేస్తున్నాను. అత్త కూడా నేను వేసిన మడతకుర్చీలో ఉండలేక కర్ర పట్టుకుని వరసలన్నీ తిరుగుతోంది. ఉన్నట్టుండి కేకేసింది.

"విల్మా! ఇది మీ స్టాడర్డ్‌ల వరసేనా?"

"అవును, మావాళ్ళే."

"ఈ పెద్దరాయి ఎడ్విన్ ఎవరు?"

"మా తాతగారి నాన్న."

"మరి పక్కన ఈ బుల్లి ఎడ్విన్?"

"ఆయన అన్న. రెండేళ్ళప్పుడే పోయాడు. ఆ రోజుల్లో పోయిన బిడ్డ పేరు తర్వాత పుట్టినవాడికి పెట్టడం మామూలే గదా, ఎవరికి తెలీదు..." అంటూనే విల్మా వెనక్కి తిరిగి ఆ మోకాలెత్తు రాయికేసి చూసింది.

"మీ ఇంట్లో అయితే ఆనవాయితీ, మా ఇంట్లో అయితే దయ్యమా?" అంది అత్త.

నేను వేళ్ళు మడిచి లెక్కేశాను. పెళ్ళినాటికి పంతొమ్మిదంటే 1831లో పుట్టింది. చిన్న ఎలెక్టా పోయిన రెండేళ్ళకు! విల్మా ఆ వేళ్ళకేసి చూసి, ఫ్లాస్కు మూత తీసి అత్తకు కాఫీ పోసింది. అదే ఆమె క్షమాపణ.

"ఒప్పుకున్నానమ్మా. అసాహెల్‌కు పై పక్క మంచి చోటుంది. సరస్సు కనిపిస్తుంది."

"వంశవృక్షంలో మన కొమ్మ దొరికింది, ఇక ఇంటికెళ్దాం పద అత్తా!" అన్నాను.

అత్త కదల్లేదు. చిన్నరాయినే చూస్తోంది.

"ఒరేయ్, ప్రతి ఆదివారం చర్చికి పోతూ వస్తూ ఆ రెండోపిల్ల తన పేరున్న సమాధిని చూసే ఉంటుంది గదరా. అందుకే సరస్సు దాటేసి అక్కడే పెళ్ళి చేసుకుంది. మళ్ళీ రాలేదు."

"అయితే నీ కాళ్ళకున్న చక్రాలు ఆవిడవేనన్నమాట" అన్నాను. అత్త నవ్వలేదు. నాకు కంగారు పుట్టింది. "ఇక్కడ వద్దంటావా? వేసవంతా తిరిగానే!"

"నీకు తొందరెక్కువ. ఆవిడ వెళ్ళిపోయింది, ఆవిడ వెనకాల మనమంతా పుట్టుకొచ్చాం. ఈ బుల్లిదానికెవరున్నార్రా? పేరు కూడా దీనికొక్కదానికే ఉంచలేదు. విల్మా, దీని పక్కన ఇవ్వు."

"అక్కడ పల్లమమ్మా. వానొస్తే నీళ్ళు దిగుతాయి."

"నేనక్కడేమైనా కాపురం పెడతానా?"

కర్ర నా చేతికిచ్చి, నేను పట్టుకునేలోపే గడ్డిలో వెల్లకిలా పడుకుంది. చెప్పుల్తో సహా కాళ్ళు చాపింది.

"తల కాస్త పైకి జరపమని చెప్పు గొయ్యి తవ్వేవాళ్ళతో. నా రాయి దీనికి అడ్డం రాకూడదు."

అత్త అంతసేపు మెదలకుండా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. నాకే కాలు నిలవలేదు. ట్రక్కు దాకా వెళ్ళాను, తిరిగొచ్చాను.

"చలిగా ఉంది, లే అత్తా."

"ఉండరా" అంది, కళ్ళు తెరవకుండా.