చర్చి సందు మలుపు

గుండ్రటి వెదురు పుట్టిని ఒడ్డున బోర్లించి, చిల్లి పడిన చోట క్రిస్టోఫర్ తారు పూస్తున్నాడు. డబ్బాలో తారు నల్లటి బుడగలు వేస్తోంది. పుల్లకు చుట్టిన గుడ్డను అందులో ముంచి, చిల్లి మీద ఒత్తి, చెక్కముక్కతో సాపు చేశాడు. తారు అతని గోళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి దిగిపోయింది. చర్చిలో రొట్టెముక్క అందుకునేటప్పుడు కూడా ఆ వేళ్ళు నల్లగానే ఉంటాయి.

పక్కన బండ మీద, పుట్టిలో తన జోడీ ఇలియాస్ దిండు ఆరుతోంది. గోనెసంచిలో పాతగుడ్డలు కుక్కి, అంచు చుట్టూ నీలం దారంతో కుట్టినది. పుట్టిలో గంటలకొద్దీ కూర్చునే మొగుడికని, కువైట్ పోయేముందు షాహీదాబీ కుట్టిచ్చింది. క్రిస్టోఫర్ ఉత్త వెదురు మీదనే కూర్చుంటాడు. ఆ దిండును చూసినప్పుడల్లా నడుము సలుపుతున్నట్టుంటుంది.

పుట్టి పనికి ఇద్దరు కావాలి. ఒకరు తెడ్డు వేస్తే ఒకరు వల విడవాలి. గండికోట రిజర్వాయరు నీళ్ళు ఊరిని ముంచాక, కూలికి చేలు లేక క్రిస్టోఫర్ ఈ పుట్టి కొన్నాడు. అంతవరకూ సైకిలు మీద చీరల మూట పెట్టుకుని తిరిగిన ఇలియాస్‌కు నీళ్ళంటే వణుకు. వాడికి తెడ్డు పట్టడం నేర్పింది తనే. ఇప్పుడు వాడు మోటారు బోటు కొంటున్నాడు. మోటారు ఉంటే బోటుకు ఒక్కడు చాలు.

ఇలియాస్ బండి ఆపి, దిగకుండానే కేకేశాడు.

"మామా, ఆ తారు సల్లారనీలే. పోదాం పా. శివ ఫోను మింద ఫోను చేస్తాండాడు."

"నేనేం చేస్తానప్పా ఆడికొచ్చి? కొనేది నువ్వు, తోలేది నువ్వు."

"చూసేది నువ్వు. నాకేం తెలుసు? ఎద్దు పండ్లు చూసినట్ల నువ్వు చూసి చెప్పు. నువ్వు వద్దంటే వద్దు, అంతే."

కొండాపురం కాలనీ మీదుగానే పోయారు. ఇంటి ముందు బట్టలు ఆరేస్తున్న క్రిస్టోఫర్ పెళ్ళాం ఎస్తర్ బండి చప్పుడుకు తలెత్తింది.

"ఏం తమ్ముడా, బోటుకేనా? కువైట్‌లో సంపాదించే ఆ యమ్మ పుణ్యం. నేనూ పోతానంటే ఈ మనిషి పోనిచ్చినాడా? ఆడదాని దుడ్లు నాకొద్దన్యాడు!"

ఇలియాస్ నవ్వాడు. వెనక కూర్చున్న క్రిస్టోఫర్ నవ్వలేదు.

బోటు గట్టు మీదే ఉంది. తెల్లటి ఫైబరు, నడుమ నీలం పట్టీ. శివ దాన్ని ఎక్కడో కృష్ణ ఒడ్డున రెండేళ్ళు తిప్పి, ఇప్పుడు అమ్ముకోవాలని తెచ్చాడు. దాన్ని చూడగానే ఇలియాస్ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు క్రిస్టోఫర్ కంట్లో ఇసుకలా పడింది.

అతను చెప్పులు విడిచి బోటు చుట్టూ తిరిగాడు. వేళ్ళ కణుపులతో అడుగంతా తట్టి విన్నాడు. ఎక్కడా బోలు మోత లేదు. బకెట్టు తెప్పించి బోటు లోపల నీళ్ళు నింపించాడు. లోపలి నీళ్ళు బయటికి కారితే బయటి నీళ్ళు లోపలికి వస్తాయన్నది అతని లెక్క.

"ఏంది మామా," శివ పగలబడి నవ్వాడు, "బోటు కొంటాండారా, కడవ కొంటాండారా?"

క్రిస్టోఫర్ మోకాళ్ళ మీద కూర్చుని, అడుగున తడి కోసం చెయ్యి పెట్టి చూశాడు. ఒక్క చుక్క కారితే బాగుండు. కారలేదు. ఇంజను రెక్కలు చూశాడు, విరగలేదు. నూనె వాసన చూశాడు, మాడలేదు. తప్పు దొరకనికొద్దీ అతను ఇంకోచోట వెతికాడు.

ఇలియాస్ తన బండి తాళం జామీనుగా శివ చేతిలో పెట్టాడు. ఇద్దరూ బోటులో నీళ్ళు తోడేసి, దాన్ని రిజర్వాయరులోకి తోశారు. తాడు రెండో లాగుకే ఇంజను అందుకుంది. దాని పక్కనుంచి సన్నటి నీటిధార బయటికి చిమ్మింది.

"అదేంది మామా, కారతాంది?"

"కారేది కాదు. చేలల్లో డీజిలింజనుకు లేదా? కింద నీళ్ళు పీల్చుకుని లోపల సల్లబరుచుకుంటాది. ఆ ధార నిలిచిందంటే ఇంజను కాలిపోతాది."

వెనక కూర్చుని క్రిస్టోఫరే పిడి పట్టాడు. బోటు ముక్కు లేచింది. పుట్టిలో ఒక పూట పట్టే దూరం చూస్తుండగానే వెనక్కి పోయింది. ముందు కూర్చున్న ఇలియాస్ జుట్టు గాలికి లేస్తుంటే, "యా అల్లా!" అని చిన్నపిల్లవాడిలా అరిచాడు. ఇంత సుఖం వాడికి. వాడికే ఎందుకు?

ఎదురుగా వెడల్పుగా ఉత్త నీళ్ళు. అయినా కొంత దూరం పోయాక క్రిస్టోఫర్ పిడిని ఎడమకు తిప్పాడు.

"నేరుగా పోరాదా మామా? అడ్డమేముంది?"

"చర్చి సందు మలుపురా ఇది," అన్నాడు క్రిస్టోఫర్, తిప్పేశాకగానీ తను తిప్పిన సంగతి తెలియక.

అడుగున మునిగిన ఊరిమీద ఆ ఊరివాళ్ళు అందరూ అట్లాగే పోతారు. ఎవరి గోడ మీదుగానూ తెడ్డు వెయ్యరు. సందు ఎక్కడ తిరిగితే అక్కడే తిరుగుతారు. ఎండాకాలం నీళ్ళు తగ్గి, మలుపులో ఉండిన వేపచెట్ల మోళ్ళు పైకి తేలాయి. వాటి కొమ్మలకు ప్లాస్టిక్ కవర్లు తోరణాల్లా వేలాడుతున్నాయి. బోటు వాటిని రాసుకుంటూ పోయింది.

మోళ్ళు దాటాక నీటిధార సన్నబడింది. ఆ తరువాత నిలిచిపోయింది. రబ్బరు కాలిన వాసన వచ్చింది. క్రిస్టోఫర్ వెంటనే ఇంజను ఆపాడు.

నీళ్ళ మీద ఉన్నట్టుండి నిశ్శబ్దం కమ్ముకుంది. అతను వంగి ఇంజనును కొంచెం పైకి వంచి, అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. నీళ్ళు పీల్చే జల్లెడకు మెత్తగా, జారుడుగా ఏదో అతుక్కుని ఉంది. కవరు. రెండు వేళ్ళతో లాగితే వచ్చేస్తుంది. చర్చి సందులో తిప్పింది తను. కవరు పట్టించింది తను.

"ఏమైంది మామా?"

ఇలియాస్ మొహంలో భయం. మొదటిసారి పుట్టి ఎక్కిననాడు ఉండిన భయం. ఆనాడు వాడు క్రిస్టోఫర్ చొక్కా పట్టుకుని కూర్చున్నాడు.

క్రిస్టోఫర్ వేళ్ళు కవరును వదిలేశాయి.

"ఇంజను పోయిందప్పా," అన్నాడు. "లోపలే పోయింది. పైకి రంగేసి నీకు అంటగడతాండాడు వాడు."

బోటులో ఉన్న తెడ్డుతో వంతులవారీగా ఒడ్డుకు వేసుకొచ్చారు. శివ మోకాలిలోతు నీళ్ళలోకి పరుగెత్తుకొచ్చాడు.

"నిన్ననే నడిపినా కదప్పా! కింద కవరేమన్నా పట్టిందేమో, చూసినావా మామా?"

"చూసినాలే."

"నా నోటికాడ కూడు తీస్తాండావే మామా! రా, నా ముందర ఇంగోసారి చూడు."

ఇలియాస్ చెయ్యి చాపి బండి తాళం తీసుకున్నాడు. "మా మామ చూసినానన్యాక మల్ల చూసేదేముందప్పా?"

ఇద్దరూ బండి మీద కాలనీకి తిరుగుదారి పట్టారు. గుట్ట దిగుతుండగా ఇలియాస్ బండి నెమ్మది చేశాడు.

"పోనీలే మామా. ఒకందుకు మేలే. షాహీదా ముందే చెప్పింది. బోటు కుదిరితే తను వచ్చేస్తానని. కుదరకపోతే ఆ దుడ్లతో వీసా తీసి నన్నే ఆడికి రమ్మంది. తోటపనికి మనిషి కావాలంట."

క్రిస్టోఫర్ చేతులు ఇలియాస్ భుజాల మీద ఉన్నాయి.

"బోటు కుదిరింటే ఈన్నే ఉండేటోణ్ణి. వల విడిసేదానికి నువ్వుంటావు, తోలేదానికి నేను. ముందర నీకు సీటు కూడా అనుకుంటి. దిండు ఏయించి."

చెప్పాల్సింది రెండు ముక్కలు. కవరు పట్టిందిరా, ఇంజను బాగుంది. క్రిస్టోఫర్ నోరు తెరిచాడు. ఎదురుగాలి నోటినిండా కొట్టింది. కాలనీ మలుపు వచ్చింది. బండి ఆగింది.

"దిగు మామా," అన్నాడు ఇలియాస్. "అక్క ఎదురు చూస్తాంటాది."

బక్రీదు దాటాక, కువైట్ పోవడానికి ఇలియాస్ ఎర్రగుంట్లలో మద్రాసు రైలెక్కాడు. ఆ పొద్దు క్రిస్టోఫర్ పుట్టి దగ్గరే ఉన్నాడు. వల చిక్కు పడిందని ఎస్తర్‌తో చెప్పి వచ్చాడు. వల చిక్కు పడలేదు.

ఒంటరిగా పుట్టిని నీళ్ళలోకి దించి, ఒక తెడ్డు వేసి చూశాడు. అది ముందుకు పోకుండా ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. అవతలినుంచి మోటారు చప్పుడు వినిపించింది. తెల్లటి ఫైబరు, నడుమ నీలం పట్టీ. ఎవరో జమ్మలమడుగు వాళ్ళు కొన్నారట. ఊరు ఎక్కడుండేదో వాళ్ళకు తెలియదు. చర్చి మీదుగా, ఇళ్ళ మీదుగా నేరుగా కోసుకుంటూ పోయారు. ఇంజను పక్కన నీటిధార ఎండకు మెరిసింది.

ఆ బోటు అల వచ్చి పుట్టి అంచును ఎత్తి దించింది. కాసిని నీళ్ళు లోపలికి జారి, ఎదుటి పక్కన గోనెదిండు దాకా పోయాయి. నీలం దారం కుట్ల మధ్య మనిషి కూర్చున్న గుంట అట్లాగే ఉంది. నీళ్ళు అందులో నిలిచాయి.