తాళిబొట్టు తెచ్చిన అమెరికా రైలు

తాళిబొట్టు పళ్ళెంలో కాకుండా రైల్లో తిరగాలని అడిగింది పెళ్ళికూతురు బిందుశ్రీయే. ఆ మాట వినగానే దేవక్క చేతిలోని గాజుల రేకుడబ్బా జారి, గాజులన్నీ గలగలమంటూ దొర్లుకుంటూ అంగడి బయట ఆగివున్న ఆటో కిందికి చేరాయి. దేవక్క వాటి వంక చూడనేలేదు.

"నిజంగానా బిందూ? మళ్ళీ చెప్పు."

"నిజమే చిన్నమ్మా. నా తాళి నీ రైల్లోనే రావల్ల. అందరూ పళ్ళెంలోనే తిప్పుతారు. అదేం చెన్నాగుంటాది?"

దేవక్క తన అక్క కూతుర్ని అమాంతం కావలించుకుంది.

సిరిగేరి బస్టాండు పక్కన దేవక్కకు గాజుల అంగడి ఉంది. పెళ్ళికూతుళ్ళకు మేకప్పు కూడా చేస్తుంది. నాలుగేళ్ళ కిందట బళ్ళారి కౌల్ బజారులో, పాతసామాన్ల అంగట్లో నిలువుటద్దం కోసం వెతుకుతూ ఒక అట్టపెట్టె మూత తీసింది. లోపల జానెడేసి రైలింజన్లు, వ్యాగన్లు. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసిన కెనడా ఇంజనీరు ఎవరో దేశానికి తిరిగిపోతూ వదిలేసినవట. రంగు పెచ్చులూడి, చక్రాలు బిగుసుకుపోయి ఉన్నాయి. కానీ ఆ మొద్దు ముక్కు, ఇంజను పక్కన మనిషి నడిచే సన్నటి దారి, దానికి దారమంత కమ్మి, నెత్తిన గోరంత గంట చూసేసరికి దేవక్కకు కాళ్ళు అక్కడినుంచి కదల్లేదు. అద్దం మరిచిపోయి ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకొని బస్సెక్కింది.

ఆమె భర్త శరణప్ప బోరు మోటార్లకు వైండింగు కట్టే మనిషి. పెసరగింజంత భాగాలున్న ఆ మోటార్లను చూసి ముందు నవ్వాడు, తర్వాత కళ్ళద్దాలు మార్చుకున్నాడు, ఆ తర్వాత అన్నానికి పిలిచినా పలకలేదు. మోటార్లు ఆయన వంతు, రంగులు ఆమె వంతు. పాత రంగును స్పిరిట్‌లో నానబెట్టి, పళ్ళ బ్రష్షుతో రుద్ది తీసేది. గీతల కోసం టేపును పోగులా కోసి అతికించేది. పెళ్ళికూతుళ్ళ ముఖానికి మేకప్పు కొట్టడానికని చిన్న స్ప్రే మిషను కొనుక్కుంది గానీ, దానితో ముస్తాబైన మొదటి సుందరి ఒక డీజిలింజను.

అలా మొదలై, ఇప్పుడు వాళ్ళ మిద్దెగదిలో మూడు గోడల పొడుగునా అమెరికా, కెనడా రైళ్ళే. యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ వాళ్ళది పసుపు ఒళ్ళు, బూడిదరంగు కప్పు, నడుమ ఎర్రగీత. శాంటా ఫే వాళ్ళది వెండి ఒంటికి ఎర్ర ముక్కు. వీడియోలు ఆపి ఆపి చూసి, అచ్చంగా అలాగే వేసేది దేవక్క. గీత వెంట్రుకంత పక్కకు పోయినా అంతా గీకేసి మళ్ళీ మొదలుపెట్టేది. ఎవరైనా వాటిని బొమ్మలంటే మాత్రం ఆమెకు చిర్రెత్తుకొచ్చేది.

పెళ్ళి సంగతి వినగానే అక్క సిద్ధమ్మ మెట్లెక్కి వచ్చింది.

"ఏందే దేవీ, నల్ల ఇంజను మీద తాళి తెస్తావంట?"

"నల్లది కాదక్కా, పసుప్పచ్చది. సూడు, అచ్చం పసుపుకొమ్ము రంగే."

సిద్ధమ్మ ఇంజనును అటూ ఇటూ తిప్పి చూసింది. "రంగు బాగుండాది. ముక్కు మీద లక్ష్మీదేవి పటం అంటించు."

"అంటించేది లేదు. ఆ రైల్వేలో ఇంజన్ల మీద లక్ష్మి ఉండదు."

"అట్లయితే నా కూతురి పెండ్లిలో నీ రైలూ ఉండదు."

ఇద్దరూ ముఖాలు చెరోవైపు తిప్పుకున్నారు. వైండింగు తీగ చుడుతూ శరణప్పే మాట కలిపాడు. "వ్యాగన్ల మీద రాయొచ్చు గదా. ఆ దేశంలో పిల్లగాళ్ళు వ్యాగన్ల నిండా బొద్దు బొద్దు అచ్చరాలతో రంగులు కొడతారని నువ్వే సూపిస్తివి."

దేవక్క ముఖం వెలిగిపోయింది. అది నిజమే! అక్కడి వ్యాగన్లలో రంగురాతలు లేనివే తక్కువ. ఆ వారమంతా ఆమెకు గాజుల బేరాలు కంటికి ఆనలేదు. ఒక వ్యాగను మీద పద్మంలో కూర్చున్న లక్ష్మి, ఇంకోదాని మీద ఉబ్బిన నీలి అక్షరాల్లో బిందుశ్రీ, ఆ పక్కదాని మీద నారింజరంగులో పెళ్ళికొడుకు పేరు యల్లేష్. అది చూసి బిందుశ్రీ నవ్వలేక కింద కూర్చుండిపోయింది.

ఒక్క భయం మాత్రం మిగిలింది. దేశనూరు బీగరు తాయప్ప, అంటే యల్లేష్ తండ్రి. వరికోత మిషన్లు నడిపిస్తాడు. సంబంధం మాట్లాడటానికి వచ్చినప్పుడల్లా ఆయన ముఖంలో మీసం తప్ప ఇంకేదీ కదల్లేదు.

"ముందే చెప్దామా?" అంది దేవక్క.

"చెప్తే వద్దంటాడు. సుమ్మనుండు చిన్నమ్మా," అంది బిందుశ్రీ.

పెళ్ళిరోజు పొద్దున సిరిగేరి కల్యాణ మంటపంలో భోజనం బల్లలన్నీ గోడల వెంబడి వరుసగా చేరాయి. వాటి మీద పట్టాలు. వేదిక వెనక నిలబెట్టిన పూలతెరకూ గోడకూ నడుమ ఇరుకు సందు. పట్టాలు ఆ సందులోంచి దూరి అవతలికి రావాలి. సందుకు రెండువైపులా థర్మాకోలు కొండలు నిలబెట్టి, సొరంగాలు తొలిచి, మంచు అని తెల్లరంగు కొట్టింది దేవక్క. సిరిగేరి ఎండలో మంచుకొండలు ధగధగా మెరిసిపోతున్నాయి.

పట్టుచీర కొంగు బొడ్లో దోపుకొని ఆమె మీట తిప్పగానే పసుపు ఇంజను దీపం వెలిగింది. కూ అని కాదు, అమెరికా ఇంజను లాగా బోయ్ మని బొంగురుగా హారను కొట్టింది. వాయించేవాళ్ళు సన్నాయి ఆపి చూశారు. ఇంజను వెనక బల్లపరుపు వ్యాగను మీద వెండి కుంకుమగిన్నె, దానిలో తాళి. దాని వెనక లక్ష్మి, బిందుశ్రీ, యల్లేష్, ఇంకా బొగ్గు వ్యాగన్లు.

మంటపం అంతా కుర్చీల్లోంచి లేచింది. రైలు దగ్గరికి రాగానే తాళిని తాకి కళ్ళకద్దుకున్నారు. ఖాళీ వ్యాగన్లు కనబడేసరికి ఊరకుంటారా? అక్షతలు వేశారు. తమలపాకులు పెట్టారు. ఒకామె మల్లెమూర తుంచి వేసింది. అది చూసి ఇంకొకామె జడలోని మూరంతా తీసి వేసింది.

"అమ్మా, బరువెక్కువైతే లాగదు!" అని దేవక్క అరుస్తున్నా ఎవరూ వినలేదు. ఆమెకు కోపం రావాలి గానీ, నవ్వే వస్తోంది. పూలబండిలా ఊగుతూ ఆ రైలు సొరంగంలోకి వెళ్ళింది.

అవతల సొరంగం దగ్గర అందరూ మూగారు. రైలు రాలేదు.

"ఏమ్మా, తాళి యాడ?" అన్నాడు పురోహితుడు. "ముహూర్తం దగ్గరపడుతోంది."

దేవక్క మీట ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది. లోపల ఏదో ర్‌ర్‌ర్ అని మూలిగింది, అంతే. "రెండో ఇంజను పెట్టు! ఎనక నుంచి నూకిస్తాం," అని భర్తకు చెప్పింది. శరణప్ప వెండీ ఎరుపూ ఇంజనును పట్టాల మీద ఉంచాడు. అది ఠీవిగా సొరంగంలోకి పోయింది. లోపల ఠక్కుమంది. అదీ రాలేదు.

సిద్ధమ్మ చెల్లెలి వైపు చూసిన చూపుకు థర్మాకోలు మంచు కరిగిపోయేదే. పీటల మీద బిందుశ్రీ తల వంచుకుంది. సిగ్గుతో కాదు, నవ్వాపుకోలేక భుజాలు అదురుతున్నాయి.

అప్పుడు మొదటి వరుసలోంచి తాయప్ప లేచాడు. ఆయన నేరుగా దేవక్క దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బీగరప్పా, తప్పయిపోయింది..." అంది దేవక్క.

ఆయన పట్టుపంచె ఎగగట్టాడు. తలపాగా సర్దుకున్నాడు. వంగి, మోకాళ్ళ మీద పాకుతూ బల్లల కిందికి దూరిపోయాడు. కాసేపు ఆయన పాదాలు కనిపించాయి, తర్వాత అవీ లేవు.

యల్లేష్ పీటమీదినుంచి సగం లేచి, "నాయనా?" అన్నాడు.

"దేవక్కా!" పూలతెర వెనకనుంచి వచ్చింది తాయప్ప గొంతు. "ఈడ చీకట్లో దీని దీపం ఎలుగుతాండాది! గోడ మీద నీడలు పడినాయి, నిజం రైలే వస్తాండట్ల ఉండాది! ఎంత చెన్నాగుండాది!"

"తాళి ఉండాదా బీగరప్పా?"

"ఉండాది ఉండాది. ఇంజను లోపల డ్రైవరు గూడా ఉండాడు! టోపీ పెట్టుకున్నాడు!"

"అది నేనే పెట్టినా! ముందు ఏం తట్టుకున్యాదో సూడప్పా!"

"మల్లెపూల దారం చక్రానికి చుట్టుకున్యాది. తాళు... తీస్తాండా... ఆయితు! పోనీ!"

దేవక్క మీట తిప్పింది. బోయ్ మని హారను. కొండలోంచి పసుపు ముక్కు బయటికొచ్చింది, దాని వెనక తాళి, లక్ష్మి, పేర్లు, పూలు, చిట్టచివర నెడుతూ వెండీ ఎరుపూ ఇంజను. దాని వెనకే బల్ల కిందినుంచి తలపాగా నిండా బూజుతో తాయప్ప. ఆయన నవ్వుతున్నాడు. పళ్ళన్నీ కనబడేలా, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. ఆయన భార్యే ఆశ్చర్యంతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గట్టిమేళం!" అని అరిచాడు పురోహితుడు. సన్నాయి, డోలు, హారను, జనం నవ్వులు అన్నీ కలిసిపోయిన ఆ మోతలో యల్లేష్ తాళి కట్టాడు. అక్షతల్లో సగం పెళ్ళివాళ్ళ మీద, సగం రైలు మీద పడ్డాయి.

భోజనాలకు బల్లలు కావాలని వంటవాళ్ళు వచ్చి పట్టాలు తీయబోతే తాయప్ప అడ్డం నిలబడ్డాడు. "తీయొద్దప్పా, ఒక వరస బల్లల మీద ఉండనీ. ఓళిగలు దీని మీదే పంపిస్తాం." మీట ఆయన చేతికి పోయింది. బొగ్గు వ్యాగన్ల మీద మడిచిన ఓళిగలు, అంటే బొబ్బట్లు, వరుసగా బయల్దేరాయి. ఎవరి ఆకు ముందు ఆపాలో ఆయన ఇష్టం. తనకు గిట్టని బావమరిది ముందు మాత్రం ఆపకుండా హారను కొట్టి పోనిచ్చాడు. ఆ బావమరిదీ పట్టు వదల్లేదు, లేచి రైలు వెంట పరిగెత్తి ఓళిగ అందుకున్నాడు. దేవక్క పొద్దుటినుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చి, నిలబడే రెండు ఓళిగలు తిని, నెయ్యి చేతుల్తోనే కళ్ళనీళ్ళు తుడుచుకుంది. అంతగా నవ్వింది.

పది రోజుల తర్వాత దేశనూరు బస్సు దిగి తాయప్ప గాజుల అంగడికి వచ్చాడు. చంకలో ఒక డబ్బా. ఫోన్లో వెతికి తెప్పించుకున్నాడట, కెనడా వాళ్ళ గోధుమల వ్యాగన్లు.

"వరి పండించేటోళ్ళం గదా దేవక్కా, ధాన్యం బండ్లే కొన్యా. రంగు పోయిండాది. నాకు గూడా నేర్పియ్యి."

గాజులు వేయించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళను కొంచెం పక్కకు జరిపి, దేవక్క ఆయనకు ముక్కాలిపీట వేసింది. పళ్ళ బ్రష్షు చేతికిచ్చింది. ఆయన నాలుక కొస పంటికింద పెట్టుకొని రుద్దడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఒక వ్యాగను శుభ్రమైంది, ఊడిన పాతరంగు అంటి ఆయన మీసం ఒకవైపు ఎర్రగా అయింది. ఆ ఎరుపు కెనడా రైళ్ళ అసలు ఎరుపు కాదని దేవక్క, అదేనని తాయప్ప వాదించుకుంటూనే ఉన్నారు. ఆఖరు బస్సు హారను కొట్టి కొట్టి, ఆయన లేకుండానే వెళ్ళిపోయింది.