సుద్దగీతల బల్ల

శనివారం గనుక టిఫిన్ క్యారియర్‌లో మాంసం లేదు. పనిలో జతగాడు మొగిలయ్య శనివారాలు నీసు ముట్టడు. అందుకని కమాల్ ఇంట్లో కూడా ఆ పూట పప్పే. "మొగిలన్నకు మిరపకాయ తొక్కు సుత పెట్టిన," అంటూ భార్య రబియా మూత బిగించింది. కమాల్ చొక్కా జేబులో సుద్దముక్కలు వేసుకున్నాడు. ఎంత ఉతికినా ఆ జేబు తెల్లగానే ఉంటుంది.

కమాల్‌కు ఆఫీసు లేదు, బోర్డు లేదు. అమీర్‌పేటలో రెండు గదుల అద్దె కొంప, కూర్చోడానికి చాప. పంజాగుట్టలో కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్లలో మాత్రం సోఫా ఎక్కడ, మంచం ఎటు, బీరువా ఏ గోడకు అన్నది ఈయనగారే చెప్పాలి. కాగితం మీద గీస్తే జనానికి అర్థం కాదని, ఖాళీ ఇంట్లో నేల మీదే సుద్దతో సామాను మొత్తం గీసేవాడు. ఇంటివాళ్ళు ఆ గీతల మధ్య తిరిగి చూసుకుని మురిసిపోయేవాళ్ళు. గీతల్ని చెక్కగా మార్చేది వడ్రంగి మొగిలయ్య. సనత్‌నగర్‌లో ఒక షెడ్డులో పొట్టు ఊడుస్తున్నవాణ్ణి కమాలే పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు.

ఇద్దరికీ ఒక అలవాటు. ఏ ఇంట్లో పని మొదలైనా, సుద్దతో గీసి ఉంచిన భోజనాల బల్లకు ఆ రోజు చెరోవైపు కూర్చుని, గిన్నెలు నడుమ పెట్టుకుని తినాలి. బల్ల ఎవరిదైనా మొదటి ముద్ద మనదే అని నవ్వుకునేవాళ్ళు.

పంజాగుట్ట అపార్టుమెంటులో అరుణాదేవి ఇంటికి కలప శనివారం వస్తుందని చెప్పింది మొగిలయ్యే. తీరా కమాల్ మెట్లెక్కేసరికి లోపల రంపం చప్పుడు. తలుపు తెరుచుకుంటే, తాను మొన్న గీసిన గీతల మీద బీరువాలు అప్పుడే నిలబడి ఉన్నాయి. బల్ల గీతలు మాత్రం ఇంకా నేల మీదే ఉన్నాయి.

తలుపు తీసిన అరుణాదేవి తెల్లబోయింది. "ఏంటి కమాల్ గారూ, మీరు దుబాయ్ వెళ్ళిపోలేదా? ఇక ఈ బిల్డింగు పనులన్నీ తనే చూసుకుంటానన్నారే మొగిలయ్య గారు."

సనత్‌నగర్ దాటాలంటేనే బద్ధకించే మనిషి కమాల్. లేదని ఒక్క మాట అంటే మొగిలయ్య పని అక్కడితో సరి. ఆ మాట నోటిదాకా వచ్చింది. తల వంచుకున్న మొగిలయ్య జుట్టు నిండా రంపపు పొట్టు. కమాల్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

"పోతున్ననమ్మా," అన్నాడు. "ఇంక ఈడ ఉండబుద్ధి అయితలేదు."

ఆమె కాఫీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్ళింది.

"అడిగితే ఇయ్యకపోతుంటినా, మొగిలన్నా?"

మొగిలయ్య రంపం కింద పెట్టాడు. "ఇస్తవ్ భాయ్. గందుకే అడగలే. ఎన్నడూ నువ్విచ్చుడు, నేను తీసుకునుడేనా?"

అబద్ధం కన్నా ఆ మాటే కమాల్‌ను ఎక్కువ కోసింది. ఇన్నేళ్ళూ కలిసి తింటున్నామనుకున్నాడు. తాను పెడుతుంటే వాడు ఓర్చుకుంటున్నాడని తెలియలేదు.

అలవాటు చొప్పున వంగి క్యారియర్ కింద పెట్టాడు. కూర్చోలేదు. కాఫీ వచ్చేలోగా మెట్లు దిగిపోయాడు.

మొగిలయ్య చాలాసేపు రంపం ఎత్తలేదు. సుద్దగీతల బల్ల నడుమ, మూత తీయని క్యారియర్ ఇంకా వెచ్చగానే ఉంది.