ఎనిమిదో పేరు

ఆ మధ్యాహ్నం సేటు మనిషి ఏడుగురు ఆడవాళ్లను ఫ్యాక్టరీ ముందు ఎండలో నిలబెట్టి, "రేపటిసంది మీరు రావద్దు" అన్నాడు. అంతే. ఎందుకని అడగనివ్వలేదు కూడా. వాళ్ల కాళ్లకు అంటిన దూది ఇంకా రాలనే లేదు. ఎనిమిదో మనిషి శివమ్మను మాత్రం వేలు చూపించి పక్కకు పిలిచాడు.

నేను అక్కడే ఉన్నాను, అంతా చూశాను. నా పేరు కుర్మయ్య. శంషాబాద్ దగ్గర రైలు పట్టాల పక్కనున్న పత్తి ప్రెస్సులో మర తిప్పే పని నాది. ఇది పంతొమ్మిది వందల నలభై ఆరో సంవత్సరం మాట, నిజాం కాలం. తర్వాత కూలీల సంఘంలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి రాస్తున్నాను. కష్టం చేసేవాళ్లు, చదువుకునేవాళ్లు చదవాలని రాస్తున్నాను. నా గొప్ప చెప్పుకోవడానికి కాదు. ఇందులో నాకు గొప్ప ఏమీ లేదు.

మా పని ఎట్లాంటిదో ముందు చెప్పాలి. మనిషి నిలువు కంటే లోతైన చదరపు ఇనుప పెట్టె ఒకటి నేలలోకి దిగి ఉంటుంది. పైనుంచి అందులో దూది పోస్తారు. ఎనిమిది మంది ఆడవాళ్లు దిగి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, పాడుకుంటూ తిరిగి తిరిగి తొక్కుతారు. దూది నిండేకొద్దీ వాళ్లూ పైకి లేస్తారు. నిండాక బయటికి వస్తారు. నేను మూత వేసి మర తిప్పితే దూదంతా దిమ్మలా అణుగుతుంది, దానికి ఇనుప పట్టీలు బిగిస్తే బేలు అవుతుంది.

ఒకప్పుడు పోచమ్మ అనే మనిషి దూదిలో కూరుకుపోయింది. ఎవరూ చూసుకోలేదు. మూత వేశారు. నాకు ముందు పనిచేసినవాడి కాలంలో జరిగింది. అప్పటి నుంచి మాకొక కట్టుబాటు. మూత వేసే ముందు మర తిప్పేవాడు ఎనిమిది పేర్లూ పిలవాలి. పిలిచిన మనిషి "వచ్చిన" అనాలి. కళ్లతో చూశానంటే చెల్లదు. ఎనిమిదో గొంతు పలికేదాకా మర మీద చెయ్యి వెయ్యకూడదు. ఆ ఎనిమిదో పేరు ఎప్పుడూ శివమ్మదే. అందర్నీ పైకి తోసి, చివరికి తను ఎక్కేది.

ఆ ఏడాది బొంబాయి నుంచి కొత్త మర దిగింది. దూదిని తనే పెట్టెలోకి నెట్టి, బరువైన ఇనుప పలకతో తనే తొక్కుతుంది. దానికి మేం ఇనుపకాలు అని పేరు పెట్టాం. అది అలసిపోదు, మంచినీళ్లు అడగదు. అయితే పలక గుండ్రం, పెట్టె చదరం. నాలుగు మూలలూ బోలుగా మిగిలిపోయేవి. అంత తెలివిగా మరను చేసినవాళ్లకు ఈ సంగతి తట్టలేదు.

ఇనుపకాలు వచ్చిందని ఏడుగురిని తీసేసినా, ఆ మూలల కోసమే శివమ్మను ఉంచారు. ఇనుపకాలు పైకి లేవగానే ఆమె దిగి మూలలు తొక్కాలి, అది మళ్లీ కిందికి వచ్చేలోగా ఎక్కెయ్యాలి. "ఒక్కతే గద, ఇగ పేర్లు పిలుచుడేంది? టైం ఖరాబ్" అని సేటు పిలుపు కూడా ఆపేశాడు. నేను తలూపాను. సిగ్గుతో చెప్తున్నాను, తలూపాను.

శివమ్మ మాత్రం మానలేదు. ఎక్కిన ప్రతిసారీ "వచ్చిన, తమ్మీ" అనేది. పక్కనే సేటు మనిషి ఉండేవాడు. నేను పలికేవాణ్ణి కాదు.

ఇటు ఆ ఆడవాళ్లందరి ఊరు పాల్మాకులలో ఆమె సేటు పక్షం చేరిందని పేరు పడింది. ఆమె నీళ్లకు వస్తే మిగతావాళ్లు బిందెలెత్తుకుని వెళ్లిపోయేవారు. భర్త ఎన్నడో పోయాడు, పిల్లల్లేరు. ఆ ఏడుగురే ఆమెకు అయినవాళ్లు. ఒకరోజు పగటి తిండికి మూట విప్పి, అలవాటు కొద్దీ ఎడమపక్క కాస్త చోటు విడిచి కూర్చుంది. అది ఆ ఏడుగురిలో ఒకతైన తారాబాయి కూర్చునే చోటు. ఆ ఖాళీ నేలనే చూస్తూ ఉండిపోయింది, జొన్నరొట్టె ముట్టలేదు. నేను అది చూశాను. అయినా లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చోలేదు.

సంఘం చెన్నయ్య ఊళ్లు తిరిగే మనిషి. ఒక సాయంత్రం పొద్దుండగానే పాల్మాకుల కల్లంలో ఆ ఏడుగురితో పాటు నన్నూ కూర్చోబెట్టాడు.

"ఆ ఇనుపకాలు ఇరగ్గొడితే పీడ పోతది," తారాబాయి లేచింది. "గడ్డపార నేను తెస్త."

"ఇరగ్గొడితే ఇంకోటి తెస్తడు," అన్నాడు చెన్నయ్య. "ఇనుముతోని మనకేం పగ అక్కా? అది మీ కాళ్ల నొప్పి తగ్గిస్తే దండం పెడుదుం. గాని సేటు నొప్పి తగ్గించలే, మనుషులను తగ్గించిండు."

"మాటలు మంచిగనే ఉన్నయి. పొయ్యి మీద ఏం పెట్టాలె?" అనంతమ్మ విసుక్కుంది.

అప్పుడు శివమ్మ వచ్చింది. ఆమెకు చోటివ్వడానికి ఎవరూ జరగలేదు. ఆమె నిలబడే మాట్లాడింది.

"తిట్టుండ్రి, పడ్త. ఒక్క మాట ఇనుండ్రి. మూలలు తొక్కేతందుకు ఇనుపకాలు కిందికి నన్ను దింపుతున్నరు. నిన్న నా కొంగు పలక కింద పడ్డది." చిరిగిన కొంగు ఎత్తి చూపింది. "చింపుకొని ఎక్కిన. 'వచ్చిన' అన్న. ఒక్కరు పలుకలే." నా వైపు తిరిగింది. "తమ్మీ, నీకు ఇనబడ్డదా?"

"ఇనబడ్డదక్కా."

"మరెందుకు పలుకలే?"

ఆమె అందరి వైపూ తిరిగింది.

"రేపు పోచమ్మ లెక్క నేను పోతే, పోయిందని చెప్పేతందుకు గూడ మనిషి లేడు. గంత ఒక్కదాన్ని చేసిండ్రు నన్ను, సేటు గాదు, మీరు!"

తారాబాయి తను కూర్చున్న గోనెపట్టా సగం ఖాళీ చేసి, "కూసో అక్కా" అంది.

మర్నాడు పదకొండు గంటలప్పుడు శివమ్మ పెట్టెలోకి దిగింది. ఎక్కలేదు. కల్లంలో అనుకున్నట్టు నేను ఇంజను నుంచి మరను తిప్పే బెల్టు జార్చేశాను, ఇనుపకాలు గాల్లోనే ఆగిపోయింది. సేటు పరుగెత్తుకొచ్చాడు.

"పెట్టెల మనిషి ఉన్నది, సేట్," అన్నాను.

"బయటికి రమ్మను!"

"ఏడుగురిని పనిల పెట్టుండ్రి, పేర్లు పిలువుండ్రి, గప్పుడొస్త," దూదిలోంచి శివమ్మ గొంతు వచ్చింది.

సేటు నా చెంప పగలగొట్టాడు. నేను బెల్టు ఎక్కించలేదు. గేటు అవతల ఏడుగురూ అరుస్తున్నారు. పొద్దు వాలేవేళకు పోలీసు అమీను నలుగురు జవాన్లతో వచ్చాడు. మర చెడగొట్టిందని కేసు రాసి, ఆమెను పైకి లాగి బేడీలు వేశారు. నెత్తి నిండా దూదితో బండిలో ఒక్కతే కూర్చుంది. ఆడవాళ్లు మలుపుదాకా వెంట ఉరికారు. ఆమె వెనక్కి చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని కావచ్చు.

నన్ను వెళ్లగొట్టలేదు, ప్రెస్సు తెలిసినవాడు మరొకడు లేడు కనుక. మూలలు నిండని బేళ్లు ఉబ్బి ఇనుప పట్టీలు తెగిపోయాయి. స్టేషన్లో సరుకెక్కని వ్యాగన్లు నిలబడిపోయాయి. జల్‌పల్లి నుంచి కొత్తవాళ్లను తెమ్మన్నాడు సేటు. చెన్నయ్య అప్పటికే అక్కడికి వెళ్లొచ్చాడు, ఒక్కరూ రాలేదు. నాలుగో రోజు ఇనుపకాలు ఆపించి, మునుపటిలా తొక్కడానికి పాత ఏడుగురికీ కబురు పంపాడు.

వాళ్లు వచ్చారు. శివమ్మ మాట ఎత్తకుండా చీరలు దోపుకుని దిగారు. ఇంతేనా అనిపించింది నాకు. ఆ నాలుగు రోజుల్లో కంటే ఆ గడియలోనే నేను ఎక్కువ ఒంటరివాణ్ణయ్యాను. భుజాలు పట్టుకుని తొక్కుతుంటే వరసలో ఒక మనిషి పట్టేంత సందు ఉంది. దాన్ని ఎవరూ పూడ్చలేదు. అప్పటికీ నాకు అర్థం కాలేదు.

పెట్టె నిండింది. ఎక్కారు.

"మూత!" అన్నాడు సేటు.

తారాబాయి నన్నే చూస్తోంది. వరసలో ఆ సందు ఎందుకు వదిలారో నాకు అప్పుడు అర్థమైంది. నా గొంతు తిరిగి వచ్చింది.

"తారాబాయీ!"

"వచ్చిన!"

"అనంతమ్మా!"

"వచ్చిన!"

ఏడు పేర్లూ అయ్యాయి.

"శివమ్మక్కా!"

ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అది జైల్ల ఉన్నది గద!" సేటు పళ్లు కొరికాడు. "ఏడుగురు కండ్ల ముందట ఉన్నరు. మూత ఎయ్!"

"ఎనిమిదో పేరు పలుకలే, సేట్. శివమ్మక్క వచ్చి పలికేదాక మర ముట్ట."

తారాబాయి పెట్టె అంచు మీద కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసింది. పక్కన అనంతమ్మ, ఆ పక్కన మిగతావాళ్లు. ఇక మూత వెయ్యాలంటే వాళ్ల కాళ్ల మీదే వెయ్యాలి. తారాబాయికి కుడిపక్క ఒక మనిషికి చోటు విడిచారు.

"ఇంకోపారి పిలువు, కుర్మన్నా," అంది తారాబాయి. "జైలుదాక ఇనబడాలె."

పిలిచాను. ఈసారి ఏడుగురూ నాతో కలిసి పిలిచారు. బస్తాలు మోసే హమాలీలు బరువులు దించి పిలిచారు. ఇంజను దగ్గర బొగ్గు వేసే రామచంద్రయ్య పార పడేసి, ఆవిరి ఆపేసి, తనూ వచ్చి పిలిచాడు. ఎటునుంచీ జవాబు రాలేదు. మళ్లీ పిలిచాం.